ఫోర్డు వి-8: సామాన్యుడికి దక్కిన వేగం

హాట్ రాడ్ కార్ల చరిత్రలో నన్ను ఎక్కువగా ఆకర్షించినవి వాటి రంగులూ హంగులూ కావు. 1932లో హెన్రీ ఫోర్డు విడుదల చేసిన వి-8 ఇంజను. అమెరికా ఆర్థిక మాంద్యంలో కూరుకుపోయి ఉన్న కాలమది. అంతవరకూ ఎనిమిది సిలిండర్ల ఇంజన్లు ప్రధానంగా కాడిలాక్ వంటి ఖరీదైన కార్లలోనే కనిపించేవి. ఫోర్డు ఇంజను దిమ్మెను విడి భాగాలుగా కాక ఒకే పోతగా పోయించాడు. దాంతో ఖర్చు తగ్గి, 65 అశ్వశక్తుల వి-8 సామాన్యుడికి అందుబాటులోకి వచ్చింది.

ఈ ఇంజనులో వాల్వులు సిలిండర్లకు పైన కాక పక్కన, దిమ్మెలోనే ఉంటాయి. అందుచేత పైమూత బల్లపరుపుగా ఉంటుంది. ‘ఫ్లాట్‌హెడ్’ అన్న పేరు అలా వచ్చినదే. కాలిన వాయువులు బయటికి పోయే దారులు కూడా దిమ్మె గుండానే సాగడం వల్ల అది త్వరగా వేడెక్కేది. ఇన్ని దోషాలున్న యంత్రానికి దక్షిణ కాలిఫోర్నియా యువకులు ఎందుకు మనసిచ్చారు?

కొన్నేళ్ళకే అది పాత కార్లలో చవకగా దొరకడం ఒక కారణం. అంతకన్నా ముఖ్యమైనది, దాన్ని విప్పి బాగుచేసుకునే వీలుండటం. సిలిండర్లను తొలిచి వెడల్పు చేశారు, క్యాంషాఫ్ట్ మార్చారు, ఒక కార్బ్యురేటరు ఉన్న చోట రెండు అమర్చారు. విక్ ఎడెల్‌బ్రాక్ 1930ల చివర్లో తన ఫోర్డు కోసం చేసుకున్న ఇన్‌టేక్ మానిఫోల్డు ఒక పెద్ద వ్యాపారానికి పునాది అయింది. మ్యూరాక్, ఎల్ మిరాజ్ ఎండు సరస్సుల మీద ఈ కార్ల వేగాన్ని కొలిచేవారు. ఆ పందేలను క్రమబద్ధం చెయ్యడానికి 1937లో దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది. యంత్రం లోపాలే ఆ కుర్రవాళ్ళకు పాఠాలయ్యాయని నా అభిప్రాయం.

అమెరికాలో ఫోర్డు కార్లకు ఈ ఇంజను 1953తో ఆగిపోయింది. 1955లో షెవర్లే తెచ్చిన 265 ఘనపు అంగుళాల వి-8 వాల్వులు పైన ఉన్నది, తేలికైనది, 162 అశ్వశక్తులది. హాట్ రాడ్ నిర్మాతలు అటు మళ్ళారు. అయినా ఫ్లాట్‌హెడ్‌ను వెతికి పట్టుకుని ప్రాణం పోసేవారు ఇప్పటికీ ఉన్నారు.

నేటి ఇంజన్లు అంతకన్నా శుభ్రమైనవి, నమ్మదగినవి, కాదనను. కానీ వాటిని నడిపే కంప్యూటరులో ఏముందో చూసే అవకాశం కొనుక్కున్నవాడికి తరచూ ఉండదు. డబ్బు చెల్లించినంత మాత్రాన వస్తువు మనదవుతుందా? విప్పి చూసే హక్కు లేని యాజమాన్యం నాకు సగం యాజమాన్యంగానే తోస్తుంది. మీరేమంటారు?