చిటికెడు తగరం

ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు రాత్రంతా వదిలేస్తే ఏమవుతుందో ఇల్లాళ్ళకి ఒకరు చెప్పాలా? పచ్చగా చిలుమెక్కి కూర్చుంటుంది. అందుకే ఒకప్పుడు మా మాక్లూర్ చుట్టుపక్కల ఊళ్ళల్లో కళాయివాడికి అంత గిరాకీ. కొలిమి రాజేసి, నవాసాగరం చల్లి, కాలిన గిన్నెలో కాస్త తగరం కరిగించి దూదితో రుద్దితే, ఇత్తడికీ పులుపుకీ మధ్య తగరం అడ్డు నిలిచేది.

ఇదే తగరం అణు రియాక్టర్లలోనూ కాపలా కాస్తోందంటే నమ్ముతారా? కాకపోతే అక్కడ పూత పూయరు, లోహంలోనే కలిపి కరిగిస్తారు.

రియాక్టర్లో యురేనియం బిళ్ళలను సన్నని గొట్టాల్లో పేర్చి మూసేస్తారు. గొట్టం మందం చాలా రకాల్లో మిల్లీమీటరైనా ఉండదు. చుట్టూ సుమారు 300 డిగ్రీల నీళ్ళు, అదీ గొప్ప ఒత్తిడిలో. అంత వేడినీళ్ళు లోహాన్ని ఎలా తినేస్తాయో, 2015లో మూతపడేదాకా బోధన్ చక్కెర ఫ్యాక్టరీ బాయిలర్ల దగ్గర పనిచేసిన వాళ్ళనడగండి! రియాక్టర్లో గొట్టానికి చిల్లి పడితే రేడియోధార్మిక పదార్థాలు నీళ్ళల్లో కలుస్తాయి.

పైగా ఆ లోహం న్యూట్రాన్లను మింగకూడదు. జిర్కోనియం అందుకు తగినది. 1789లోనే జర్మన్ రసాయనవేత్త క్లాప్రోత్ దాని ఉనికి కనిపెట్టినా, దానికి గిరాకీ వచ్చింది అమెరికా నౌకాదళాధికారి రికోవర్ అణు జలాంతర్గామి తలపెట్టాకనే. శుద్ధి చేస్తే చాలుననుకున్నారు. తీరా వేడినీళ్ళల్లో పెట్టి చూస్తే కొన్ని ముక్కలు నల్లగా నిగనిగలాడాయి, కొన్ని తెల్లబడి పెచ్చులూడాయి. విచారిస్తే, లోహంలో మిగిలిన రవ్వంత నత్రజనే దోషి! దాన్ని పూర్తిగా వెళ్ళగొట్టడం కష్టం. నూటికి రెండున్నర పాళ్ళు తగరం కలిపితే మాత్రం దాని ఆగడం అణిగింది. అదే జిర్కలాయ్-1.

కానీ రోజులు గడిచేకొద్దీ అదీ నీరసపడింది. అంతలో ఒక పోతలో పొరపాటున స్టెయిన్‌లెస్ స్టీలు కలిసింది. పాడైందనుకున్న ఆ లోహమే మిగతావాటికన్నా గట్టిగా నిలబడింది! దాంతో తగరాన్ని ఒకటిన్నర పాళ్ళకి తగ్గించి, ఇనుము, క్రోమియం, నికెల్ చిటికెడు చిటికెడు కలిపారు. ఈ జిర్కలాయ్-2నే 1954లో జలప్రవేశం చేసిన నాటిలస్ జలాంతర్గామిలో వాడారు.

మరి కథ కంచికేనా? ఇంకా లేదు. నీటిలోని ఆమ్లజనిని జిర్కోనియం పట్టుకుంటే పైన పెంకు కడుతుంది. విడిపోయిన హైడ్రోజన్‌లో కొంత లోహంలోకి దూరి దాన్ని పెళుసు చేస్తుంది. అలా దూరడానికి నికెల్ సాయపడుతోందని తేలింది. నికెల్ తీసేసి, ఇనుము కాస్త పెంచారు. అది జిర్కలాయ్-4.

ఇక మన సంగతి. 1971లో హైదరాబాద్‌లో ఎన్. కొండల్ రావుగారి సారథ్యంలో అణు ఇంధన సంస్థ మొదలైంది. సముద్రతీరపు ఇసుకలో దొరికే జిర్కాన్‌ను తెచ్చి, న్యూట్రాన్లను మింగే హాఫ్నియాన్ని వేరుచేసి, గొట్టాలు లాగడం దాకా అన్నీ అక్కడే.

ఇంధనపు కట్టలను ఉంచే పెద్ద గొట్టాలు వేరే ఉంటాయి. 1983 ఆగస్టు 1న కెనడాలోని పికరింగ్‌లో అలాంటి జిర్కలాయ్-2 గొట్టం ఒకటి ఉన్నట్టుండి చీలింది. లోపల చేరిన హైడ్రోజన్ చేసిన పని! మన రాజస్థాన్ రియాక్టర్లవీ ఆ బాపతు గొట్టాలే. తగరానికి బదులు రెండున్నర పాళ్ళు నియోబియం కలిపిన గొట్టాలు హైడ్రోజన్‌ని అంతగా పీల్చవు. 1990లలో రాజస్థాన్ రెండో రియాక్టర్‌కి పాతవి తీసి అవే అమర్చారు. కాక్రపార్ రెండో రియాక్టర్‌కి మొదటినుంచీ అవే.

ఈ కాపలా అంతా నీళ్ళు ఆడుతున్నంతసేపే. 2011 మార్చిలో ఫుకుషిమాలో చల్లబరిచే నీళ్ళు ఆగేసరికి, వేడెక్కిన జిర్కోనియం ఆవిరితో కలబడి హైడ్రోజన్‌ని కుమ్మరించింది. భవనాల కప్పులు లేచిపోయాయి. లోహంలో ఏది ఎంత కలపాలో నేర్చుకోవడానికి అరవై ఏళ్ళు పట్టింది గాని, నీళ్ళు ఆగకుండా చూసే మనిషి మెలకువను ఏ లోహంలో కలపగలం చెప్పండి?