పటాన్‌చెరు కాలుష్య కేసు: నష్టపరిహారం లెక్క

పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల వ్యర్థజలాలతో దెబ్బతిన్న పల్లెల కోసం ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ సుప్రీంకోర్టులో వేసిన రిట్ పిటిషన్ ఇది (1056/1990). నష్టపరిహారం లెక్క ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ చిక్కుకుంటుందో తెలుసుకోవడానికి తెలుగునేల మీద ఇంతకు మించిన కేసు అరుదు.

సివిల్ చట్టంలో నష్టపరిహారం శిక్ష కాదు. తప్పు జరగకుంటే బాధితుడు ఏ స్థితిలో ఉండేవాడో, డబ్బుతో వీలైనంత మేర అక్కడికి చేర్చడమే దాని పని. వైద్యఖర్చు, పోయిన పంట వంటివి రుజువులతో లెక్కకొస్తాయి. బాధకు, ఆరోగ్యహానికి కోర్టు అంచనా వేస్తుంది. రుజువు భారం మాత్రం వాదిదే. ఈ వ్యర్థజలాలు కలిసే నక్కవాగు ఒడ్డు రైతు విడిగా దావా వేయాలంటే, అడిగే సొమ్మును బట్టి కోర్టు ఫీజు కట్టాలి. పైగా తన మడిలోకి వచ్చిన నీళ్లు ఏ ఫ్యాక్టరీవో తేల్చాలి. పదుల కంపెనీల వ్యర్థాలు ఒకే వాగులో కలిసినచోట అది దాదాపు అసాధ్యం. ప్రమాదకర పరిశ్రమలకు సంపూర్ణ బాధ్యత ఉంటుందన్న ఢిల్లీ ఓలియం గ్యాస్ తీర్పు (1986 డిసెంబర్ 20) తప్పు నిరూపించే బరువు తగ్గించింది. నష్టం ఎంతో చూపాల్సిన పని అలాగే ఉంది.

అందుకే ఇక్కడ రిట్ దారే రైతులకు మేలైంది. సుప్రీంకోర్టు జిల్లా జడ్జి చేత క్షేత్రస్థాయి విచారణ జరిపించి, పరిహారం ఇప్పించింది. తర్వాతి అధ్యయనాల్లో కనిపించే రేట్లు ఎకరా ఖుష్కి (మెట్ట) భూమికి 1,000, తరి (మాగాణి) భూమికి 1,700 రూపాయలు. ఎకరాల లెక్కలో పట్టా ఉన్నవారికే చోటుంటుంది. కూలికి పోయేవారు, వాగులో చేపలు పట్టేవారు, ఆ నీటితోనే బట్టలుతికేవారు అందులోకి రారు. ఈ లెక్కకున్న పెద్ద లోటు ఇదే.

నష్టం ఒక పంటతో ఆగేది కూడా కాదు. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం విడిచే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. ఇలాంటి హానికి ఏ రేటు కట్టాలో పంట లెక్కలు చెప్పలేవు. స్థానిక వైద్యుడు డాక్టర్ కిషన్‌రావు ఈ కాలుష్యంపై ఏళ్ల తరబడి పోరాడారు. కేసు 2001లో హైకోర్టుకు, 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు బదిలీ అయింది. ట్రిబ్యునల్ చట్టం (2010) ప్రకారం తప్పు నిరూపించకుండానే పరిహారం అడగవచ్చు. అయితే దరఖాస్తుకు సాధారణ గడువు ఐదేళ్లే.

కార్మికుల పరిహారానికి లెక్క వేరు. 2025 జూన్ 30న పటాన్‌చెరు దగ్గరి పాశమైలారంలో ఉన్న సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో 50 మందికి పైగా చనిపోయారు. అప్పటికి అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ప్రకారం మరణానికి సగం నెల జీతాన్ని వయసు గుణకంతో హెచ్చించాలి. లెక్కకు తీసుకునే నెల జీతం గరిష్ఠంగా 15,000 రూపాయలు. అంటే 30 ఏళ్ల కార్మికుడికి 7,500 × 207.98, సుమారు 15.6 లక్షలు. ఈఎస్ఐ పరిధిలో ఉంటే ఇది కూడా కాదు, ఆశ్రితులకు నెలనెలా భృతి వస్తుంది. మృతుల కుటుంబాలకు కంపెనీ ప్రకటించిన కోటి రూపాయలు ఈ గుణకాల నుంచి వచ్చిన మొత్తం కాదు.