అద్దంలో మోకరిల్లిన మనిషి

క్యాథలిక్ విశ్వవిద్యాలయాల చర్చిల్లో కనిపించే రంగుటద్దాల కిటికీ ఉత్త అలంకారం కాదు, అదొక పాఠం. అమెరికాలోని నోటర్‌డేమ్ విశ్వవిద్యాలయాన్ని 1842లో ఎడ్వర్డ్ సోరిన్ అనే ఫ్రెంచి గురువు స్థాపించాడు. అక్కడి చర్చి కిటికీలు ఫ్రాన్సులోని ల మాన్ పట్టణంలో కార్మెల్ మఠం పేరున్న కార్ఖానాలో తయారై వచ్చాయి. ఇలాంటి కిటికీలకు ఒక భాష ఉంది. చదువు రానివాడు కూడా దాన్ని చదవగలడు. తల చుట్టూ వెలుగు వలయం ఉంటే పునీతుడు. చేతిలో తాళపుచెవులుంటే పేతురు. ఖర్జూరపు మట్ట ఉంటే వేదసాక్షి. నిలబడినవాడు పూజ్యుడు, అతని పాదాల దగ్గర మోకరిల్లినవాడు భక్తుడు.

ఈ భాష చర్చి గోడలు దాటి లౌకిక అధికారం చేతిలో పడితే ఏమవుతుంది? మేం అడుగుతున్నది ఇదే. దీనికి జవాబు యేల్ విశ్వవిద్యాలయంలో దొరుకుతుంది.

యేల్ క్యాథలిక్ సంస్థ కాదు. 1701లో దాన్ని పెట్టిన ప్యూరిటన్ మతబోధకులు చర్చిలో బొమ్మలంటేనే ఒప్పుకోని సంప్రదాయం వాళ్ళు. అయినా ఇరవయ్యో శతాబ్దంలో ఆ విశ్వవిద్యాలయం పాత యూరప్ చర్చిల తరహా భవనాలు కట్టుకుంది, రంగుటద్దాలు బిగించుకుంది. 1933లో తెరిచిన ఒక వసతి కళాశాలకు జాన్ సి. కల్‌హూన్ పేరు పెట్టారు. ఈయన యేల్ పూర్వ విద్యార్థి, అమెరికా ఉపాధ్యక్షుడు. బానిసత్వం చెడు కాదు, మేలే అని 1837లో సెనేట్‌లో వాదించినవాడు. ఆ కళాశాల కిటికీలో కల్‌హూన్ నిలబడి ఉన్నాడు. ఆయన ముందు సంకెళ్ళతో ఒక నల్లజాతి మనిషి మోకరిల్లి ఉన్నాడు. అంటే చర్చిలో భక్తికి గుర్తయిన భంగిమే ఇక్కడ బానిసత్వానికి గుర్తయింది. దాస్యం ఆరాధనలాగా కనబడింది.

1990ల మొదట్లో విద్యార్థులు అభ్యంతరం చెప్పాక అధికారులు ఏం చేశారు? మోకరిల్లిన మనిషిని తీసేశారు. కల్‌హూన్‌ను ఉంచారు! అవమానం చేసినవాడు గౌరవంగా మిగిలాడు, అవమానం పొందినవాడి ఆనవాలు పోయింది. 2016 ఏప్రిల్‌లో అదే విశ్వవిద్యాలయం, పేరు మారిస్తే చరిత్ర మరుగున పడుతుందనీ కల్‌హూన్ పేరు కొనసాగిస్తామనీ ప్రకటించింది. మరి చరిత్రలో సగాన్ని అంతకుముందే కోసి పారేసిందెవరు?

ఆ కళాశాల భోజనశాలలో ఇంకో అద్దం మిగిలే ఉంది. దానిలో పత్తి మోస్తున్న బానిసలు. దాని కింద గిన్నెలు కడిగే నల్లజాతి కార్మికుడొకాయన 2016 జూన్‌లో చీపురుకర్రతో ఆ అద్దాన్ని పగలగొట్టాడు. అరెస్టు చేశారు, కేసు పెట్టారు, ఉద్యోగం పోయింది. విద్యార్థులూ ఊరి జనమూ అండగా నిలబడ్డాక, జులైలో కేసు ఎత్తేసి తిరిగి పనిలోకి తీసుకున్నారు. 2017 ఫిబ్రవరిలో కల్‌హూన్ పేరు తీసేసి గణిత శాస్త్రవేత్త గ్రేస్ హాపర్ పేరు పెట్టాలని నిర్ణయించారు. 2022లో నల్లజాతి కళాకారిణులు ఫెయిత్ రింగ్‌గోల్డ్, బార్బరా ఎర్ల్ థామస్ రూపొందించిన కొత్త కిటికీలు వచ్చాయి.

పేరు మారడానికి ఆ ఒక్క దెబ్బే కారణమని మేం అనడం లేదు. ఏళ్ళ తరబడి సాగిన విద్యార్థి ఉద్యమం దాని వెనక ఉంది. కానీ బొమ్మను రోజూ తలెత్తి చూడాల్సివచ్చినవాడే దాని అర్థాన్ని అందరికన్నా సరిగ్గా చదివాడు. మన దగ్గర 1985 నుంచి క్రీడా శిక్షకులకు ద్రోణాచార్యుడి పేర పురస్కారం ఇస్తున్నారు. గురువు పేరు పతకం మీద మెరుస్తూనే ఉంది. ఏకలవ్యుడి తెగిన వేలు మాత్రం దాని మీద కనబడదు. చదువుల గుడుల్లో ఎవరు నిలబడి ఉన్నారన్నది ఒక్కటే చూస్తే చాలదు. వాళ్ళ పాదాల దగ్గర నుంచి ఎవరిని తీసేశారో కూడా మన చరిత్ర రచన వెతకాలి.