అర్జునపాత్రకు నాంధ్రకవులు గూర్చిన నూతనత్వము

భారతకథ యాంధ్రులకుఁ గ్రొత్తగాఁ జెప్పవలసినది గాదు. పూర్వము కృష్ణామండలమునఁ జేరియుండి, 2022 నుండి ఎన్టీఆర్ జిల్లాలో నున్న తిరువూరు వంటి పట్టణములందుఁ బద్యనాటకము చూడవచ్చినవానికిఁ దెర లేవకమున్నే అర్జునుఁడు గెలుచునని తెలియును. గెలుపు ముందే తెలిసిన వీరునియెడఁ గుతూహల మెట్లు నిలుచును? అన్నదమ్ము లైదుగురిలో నస్త్రవిద్య యంతయు నొక్కనికే చెందినచోఁ దక్కినవారికిఁ బని యేమి? ఈ రెండు ప్రశ్నలకును మన కవుల సమాధాన మొక్కటియే: వీరునకుఁ గ్రొత్తబలము చేర్పక, యున్నదానిలో నేదో యొకటి తొలఁగించుట.

11వ శతాబ్దిలో నన్నయభట్టు రచించిన యాదిపర్వముననే అర్జునుఁడు మత్స్యయంత్రమును గొట్టెను. గాండీవమును బడసి ఖాండవదహనమునకుఁ దోడయ్యెను. ఆరణ్యపర్వమునఁ బాశుపతమును లభించెను. అంతకు మించిన యాయుధము లేదు. 13వ శతాబ్దిలోఁ దిక్కనసోమయాజి విరాటపర్వముతో భారతరచన నారంభించునాఁటికి వీరుఁ డీ స్థితి నుండెను.

ఈ చిక్కునకు మార్గము మూలకథలోనే కలదు. తిక్కన దానిని నాటకీయముగాఁ బెంచెను. గాండీవము జమ్మిచెట్టుపైఁ జేరినది. ధనుర్ధరుఁడు బృహన్నలయై యాట నేర్పుచుండును. కీచకవధ భీముని పాలఁబడినది. దక్షిణగోగ్రహణమున విరాటునకుఁ దోడుగాఁ దక్కిన నలువురును బోరఁగా, అర్జునుఁ డంతఃపురముననే నిలిచెను. ఇట్లు వీరుఁడు వెనుకకుఁ దగ్గుటచే సోదరులకుఁ జోటు గలిగినది. పాఱిపోవు నుత్తరునిఁ బట్టి తెచ్చు బృహన్నలను జూచి కౌరవులు "వీఁ డెవ్వఁడు?" అని సందేహింతురు. చిరపరిచితుఁడే యపరిచితునివలెఁ దోఁచుట యిచ్చటి రహస్యము.

15వ శతాబ్దిలోఁ బిల్లలమఱ్ఱి పినవీరభద్రుఁడు తెనిఁగించిన జైమినిభారతమునఁ దొలఁగినది జయము. యాగాశ్వము వెంటఁ బోయిన అర్జునుఁడు కన్నకొడుకగు బభ్రువాహనునిచేఁ గూలి, మణిప్రభావమున మరల బ్రదుకును. 17వ శతాబ్దిలోఁ జేమకూర వేంకటకవి తంజావూరి రఘునాథనాయకున కంకితము చేసిన విజయవిలాసమునఁ దొలఁగినది సోదరుల తోడు. సమయభంగముచేఁ దీర్థయాత్రకు వెడలిన వీరుఁడు యతివేషమున సుభద్రచే సేవలందును. వింటినారి లాగిన చేయి జపమాల త్రిప్పును.

పరదేశములందును నీ చిక్కు గలదు. 1938లో నమెరికా చిత్రకథలలో వెలసిన సూపర్‌మ్యాన్ అనువానిని, 1960లో మొదలైన జస్టిస్ లీగ్ అను వీరసంఘపుఁ దొలికథలలో రచయితలు వెనుకకు నిలిపిరి. 1997లో వాని వేషమును శక్తిస్వరూపమును మార్చిరి; మఱుసటి యేఁటనే పూర్వరూపము నిచ్చిరి. వేషము మాత్రమే మార్చిన నూతనత్వము నిలువదు. బృహన్నల వేష మన్ననో, యది యజ్ఞాతవాసప్రతిజ్ఞనుండి పుట్టినది. బయటపడినచో నైదుగురకును మరల వనవాసము తప్పదు. కావుననే యా మార్పునకు బరువు గలిగినది.

ఈ తొలఁగింపునకుఁ దుదిమెట్టు మౌసలపర్వము. కృష్ణనిర్యాణానంతరము యాదవస్త్రీలను వెంటఁగొని వచ్చు అర్జునునిపై దొంగలు పడుదురు. గాండీవము నెక్కిడుటయే కష్టమగును; అస్త్రములు స్మరణకు రావు; అమ్ములు దఱుఁగును. అన్ని యుద్ధములు గెలిచినవానిపై శ్రోతకు జాలి పుట్టుట యిచ్చటనే.