బానిస నావ నుండి బిషప్ పీఠానికి: శామ్యూల్ అజయీ క్రౌథర్ సేవ, సంఘ నాయకత్వ ప్రశ్న

పరిచయం

సంఘ చరిత్రను బోధించేటప్పుడు మనం సువార్తను తెచ్చినవారి గురించి ఎక్కువగా చెప్పి, దానిని అందుకొని తమ ప్రజలకు అందించినవారి గురించి తక్కువగా చెబుతాము. ఆంగ్లికన్ సంఘంలో మొదటి ఆఫ్రికా బిషప్ అయిన శామ్యూల్ అజయీ క్రౌథర్ ఈ రెండవ కోవకు చెందినవాడు. నమ్మకంతో ఆయనకు అప్పగించబడిన సేవ చివరకు అపనమ్మకంతో ఎందుకు ముగిసిందో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బానిసత్వం, విడుదల, పిలుపు

క్రౌథర్ సుమారు 1809లో, నేటి నైజీరియాలోని యొరూబా దేశంలో, ఒసోగన్ అనే ఊరిలో జన్మించాడు. 1821లో దాడి చేసినవారు ఆ ఊరిని తగలబెట్టి ఆయనను బందీగా పట్టుకుపోయారు. పలుమార్లు చేతులు మారిన తరువాత ఆయన పోర్చుగీసు బానిస నావకు అమ్మబడ్డాడు. 1822 ఏప్రిల్‌లో బ్రిటిష్ నౌకాదళం ఆ నావను అడ్డగించి, అందులోని వారిని సియెర్రా లియోన్‌లోని ఫ్రీటౌన్‌కు చేర్చింది. అక్కడ ఆయన చదువు నేర్చుకొని, క్రీస్తును అంగీకరించి, 1825లో బాప్తిస్మం పొందాడు. 1827లో ప్రారంభమైన ఫౌరా బే విద్యాలయపు తొలి విద్యార్థులలో ఆయన ఒకడు. 1843లో లండన్‌లో గురువుగా అభిషేకించబడ్డాడు.

1846లో ఆయన అబెయొకుటా పట్టణానికి మిషనరీగా వెళ్లాడు. ఇరవై ఐదేళ్ల క్రితం దూరమైన తల్లి ఆయనకు అక్కడే కనబడింది. 1848లో ఆమె బాప్తిస్మం పొంది హన్నా అనే పేరు తీసుకుంది. బైబిలులో హన్నా సమూయేలు తల్లి గదా!

మాతృభాషలో వాక్యం

యొరూబా బైబిలు అనువాదంలో క్రౌథర్ ప్రధాన పాత్ర వహించాడు. ఆయన అనువదించిన రోమా పత్రిక 1850లో అచ్చయింది. ఆయన పెద్దల సంభాషణలను, సామెతలను శ్రద్ధగా విని పదాలు సేకరించాడు. దేవునికి యొరూబా ప్రజలు వాడుతున్న ‘ఓలొరున్’ అనే పేరునే గ్రహించాడు. అపవాదికి మాత్రం ‘ఎషు’ అనే యొరూబా దేవత పేరు వాడుకలోకి వచ్చింది. ఇది సరియైనదేనా అనే చర్చ నేటికీ ఉంది. అనువాదకుడు ఎన్నుకునే ఒక్క మాట తరతరాల వేదాంతాన్ని మలచగలదని దీనివలన గ్రహించవచ్చు.

బిషప్ పదవి, దాని పరిమితి

చర్చ్ మిషనరీ సొసైటీ కార్యదర్శి హెన్రీ వెన్, సంఘం తన్ను తానే పోషించుకొని, తన్ను తానే పాలించుకొని, తానే సువార్తను వ్యాపింపజేయాలని బోధించాడు. ఆయన ప్రోత్సాహంతోనే 1864 జూన్ 29న కాంటర్బరీ కేథడ్రల్‌లో క్రౌథర్ బిషప్‌గా అభిషిక్తుడయ్యాడు.

అయితే నల్లజాతి బిషప్ క్రింద పనిచేయడానికి అబెయొకుటాలోని ఐరోపా మిషనరీలు ఇష్టపడలేదు. అందుచేత ఆయన అధికారం బ్రిటిష్ రాజ్యపు ఎల్లలకు అవతలి ప్రాంతాలకే పరిమితం చేయబడింది. సొంత జనుల మధ్య గాక, భాష తెలియని నైజర్ నదీతీర ప్రాంతాలలో ఆయన ఆఫ్రికా సేవకులతో పరిచర్య చేయవలసి వచ్చింది. ప్రయాణాలకు వర్తకుల ఓడలపై ఆధారపడవలసి వచ్చింది.

1873లో వెన్ మరణించాడు. ఆ తరువాత వచ్చిన యువ మిషనరీలు నైజర్ సేవకుల నడవడిని కఠినంగా విమర్శించారు. కొందరు సేవకులలో లోపాలు లేకపోలేదు. కాని వాటిని సరిదిద్దవలసినచోట మొత్తం ఆఫ్రికా నాయకత్వాన్నే అనర్హమని తీర్చారు. 1890 ఆగస్టులో ఒనిత్షాలో జరిగిన కమిటీ సమావేశంలో, ఎనభై ఏళ్లు దాటిన బిషప్ అవమానం పాలై ఆ కమిటీకి రాజీనామా చేశాడు. 1891 డిసెంబరు 31న లేగోస్‌లో మరణించాడు. ఆయన స్థానంలో ఐరోపా బిషప్ నియమించబడ్డాడు. 2014లో కాంటర్బరీ ఆర్చిబిషప్ ఆనాటి అన్యాయానికి బహిరంగంగా పశ్చాత్తాపం వెలిబుచ్చాడు.

ముగింపు

ఈ చరిత్ర మనకు దూరమైనది కాదు. అదే సొసైటీ 1841లో మచిలీపట్నంలో తెలుగు మిషనును ప్రారంభించింది. క్రౌథర్ అభిషేకం జరిగిన నలభై ఎనిమిదేళ్లకు, 1912లో, దోర్నకల్ బిషప్‌గా వి. ఎస్. అజరయ్య అభిషిక్తుడై మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయ్యాడు. ఆయన నియామకానికి కూడా మిషనరీల నుండి అభ్యంతరాలు వచ్చాయి.

పదవిని ఇచ్చి నమ్మకాన్ని ఇవ్వకపోవడం నాయకత్వాన్ని అప్పగించడం కాదు. ఒకని తప్పును అతని జాతి అంతటికీ అంటగట్టడం క్రమశిక్షణ కాదు. నేడు మన సంఘాలలో యౌవనులకు, స్త్రీలకు, కులం చేత తక్కువగా ఎంచబడినవారికి బాధ్యతలు అప్పగించేటప్పుడు మనము వెన్‌వలె ఉన్నామా, లేక ఒనిత్షా కమిటీవలె ఉన్నామా? ప్రతి కాపరి తన్ను తాను ప్రశ్నించుకోవాలి.