పద్దెనిమిది దాటాక: చెన్నై టి. నగర్‌లో దివ్యాంగ యువత

పిట్టి త్యాగరాయ చెట్టి పేరు పెట్టుకున్న టి. నగర్‌లో, జి.ఎన్. చెట్టి రోడ్డు మీద, మధురం నారాయణన్ సెంటర్ ఉంది. 1989లో మొదలైన ఈ కేంద్రం పుట్టింది మొదలు ఆరేళ్ల లోపు పిల్లల్లో ఎదుగుదల లోపాలను తొందరగా పసిగట్టి తర్ఫీదు ఇస్తుంది. ‘ఉపనయన్’ అని పేరుపెట్టుకున్న దాని శిక్షణలో అమ్మానాన్నలూ భాగస్వాములే. దివ్యాంగ యువత గురించిన వ్యాసానికి పసిపిల్లల కేంద్రంతో ఎత్తుగడ ఏమిటని అనిపించవచ్చు. 1989లో రెండేళ్ల వయసుతో అలాంటి గుమ్మం ఎక్కిన బిడ్డకు 2005లో పద్దెనిమిది నిండాయి. అసలు కథ అక్కడే మొదలవుతుంది.

మద్రాసులో ఈ సేవలకు తొలి పునాదులు వేసినవారు స్వచ్ఛంద సేవకులే. మేరీ క్లబ్‌వాలా జాదవ్ నడిపించిన గిల్డ్ ఆఫ్ సర్వీస్ 1953లో మేధో వైకల్యం ఉన్న పిల్లల కోసం బాల విహార్‌ను నెలకొల్పింది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్థాపించిన ఆంధ్ర మహిళా సభ, అడయారులో ఎముకల చికిత్సా కేంద్రం తెరిచి పోలియో పిల్లలను చేరదీసింది. 1985లో పూనం నటరాజన్ ప్రారంభించిన స్పాస్టిక్స్ సొసైటీ శాఖ తరవాత విద్యాసాగర్ అయింది. ఇవన్నీ పిల్లలతో మొదలైనవే. పేర్లలోనే ఉంది కదా బాల, విద్య అని!

చట్టమూ అదే దారి పట్టింది. 1995 నాటి వికలాంగుల చట్టం ఉచిత విద్యకు పద్దెనిమిదేళ్లు హద్దు పెట్టింది. 2016లో దాని స్థానంలో వచ్చిన చట్టం వైకల్యాల రకాలను ఏడు నుంచి 21కి పెంచింది గాని, బడి హక్కును ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్యనే ఉంచింది. కేంద్ర ప్రభుత్వ బాల ఆరోగ్య పథకం (2013) కూడా పద్దెనిమిదితోనే ఆగుతుంది.

ధ్రువపత్రం సంగతి మరీ విచిత్రం. 2018 మార్గదర్శకాల ప్రకారం మేధో వైకల్యం సర్టిఫికెట్‌ను అయిదేళ్లకు, పదేళ్లకు, పద్దెనిమిదేళ్లకు మళ్లీ పరీక్షలు చేయించి మార్చుకోవాలి. పద్దెనిమిదికి ఇచ్చినది జీవితాంతం చెల్లుతుంది. మన తెలుగు రాష్ట్రాల్లో ఈ ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరాల ముందు బిడ్డ చెయ్యి పట్టుకుని వరసలో నిలబడే తల్లులకు ఈ తిరుగుడు కొత్త కాదు. లోపం శాశ్వతమని సర్కారు ఒప్పుకున్న ఏడాదే బడి తలుపు మూసుకుంటుంది.

అదే ఏడాది మరో చిక్కు. బ్యాంకులో మైనరు ఖాతా తెరిచి అంతవరకు సంతకం పెడుతూ వచ్చిన తండ్రిని, ‘అబ్బాయికి మైనారిటీ తీరింది, ఇక అతనే వచ్చి సంతకం పెట్టాలి’ అంటారు. కొత్త ఫొటో, కొత్త కార్డు. సంతకం గడిలో పెన్ను పట్టుకున్న కుర్రాడు తన పేరులో మొదటి అక్షరం రాసి ఆగిపోతే? చట్టం దృష్టిలో తండ్రి ఇక సంరక్షకుడు కాడు. సంరక్షకుణ్ణి నియమించే వీలున్న 1987 మానసిక ఆరోగ్య చట్టం తన నిర్వచనంలోంచి బుద్ధిమాంద్యాన్ని తప్పించింది గనుక, అటునుంచీ దారి లేకపోయింది.

ఆ లోటు తీర్చడానికి వచ్చిందే 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి ఇది వర్తిస్తుంది. జిల్లా కలెక్టరు, నమోదైన సంస్థ ప్రతినిధి, ఒక దివ్యాంగుడు ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకుంటే సంరక్షకుణ్ణి నియమిస్తుంది. కన్న తల్లయినా సరే, దరఖాస్తు పెట్టుకోవలసిందే. తరవాతి కాలంలో పూనం నటరాజన్ ఈ ట్రస్టుకు అధ్యక్షురాలయ్యారు. 2016 చట్టం మరో మెట్టు ఎక్కి, మొత్తం అధికారం సంరక్షకుడి చేతిలో పెట్టకుండా, అవసరమైన మేరకు, ఆ వ్యక్తిని సంప్రదిస్తూ నిర్ణయాలు తీసుకునే ‘పరిమిత సంరక్షణ’ను తెచ్చింది. సంతకం చేయలేని కుర్రాడికి తన జీతం ఎలా ఖర్చుపెట్టుకోవాలో అభిప్రాయం ఉండకూడదా? ఈ ప్రశ్నను చట్టం గుర్తించడానికి ఇంత కాలం పట్టింది.

జీతం మాటెత్తాం గనుక: ప్రభుత్వ ఉద్యోగాల్లో నాలుగు శాతం కోటా ఉంది. ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు, వీటన్నిటికీ కలిపి అందులో ఒక్క శాతం. ఉద్యోగం రాని వారికి మిగిలేది భృతి. తమిళనాడులో మేధో వైకల్యం ఉన్నవారికి 2023 నుంచి నెలకు 2,000 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి దివ్యాంగుల పింఛను 6,000. టి. నగర్‌లో ఉంటూ నెల్లూరులో చుట్టాలున్న కుటుంబం ఈ లెక్క వేసుకోకుండా ఉండదు.

డబ్బు కంటే పెద్ద బెంగ ఒకటుంది. దేశమంతటా తల్లిదండ్రుల సంఘాల సమావేశాల్లో అదే మాట: ‘మా తరవాత వీడిని ఎవరు చూస్తారు?’ నేషనల్ ట్రస్ట్ 2015లో ప్రకటించిన పథకాల్లో పగటి సంరక్షణకు ‘వికాస్’, పెద్దవాళ్లు జీవితాంతం ఉండేందుకు ‘ఘరౌందా’ ఉన్నాయి. తమిళనాడు ప్రభుత్వం ప్రపంచ బ్యాంకు రుణంతో 2022లో చేపట్టిన రైట్స్ ప్రాజెక్టు కింద, అన్ని సేవలూ ఒకే చోట దొరికే కేంద్రాలు తెరుస్తోంది. వాటి పేరు ‘విళుదుగళ్’. మర్రి ఊడలు అని అర్థం.