పాలు మాన్పించిన సిద్ధాంతం

ఆటిజం ఉన్న పిల్లలకు పాలు, గోధుమ మాన్పించాలన్న సలహా ఎక్కణ్నుంచి వచ్చిందంటే సాధారణంగా రెండు కథలు చెబుతారు. తల్లిదండ్రులు కనిపెట్టిన మందును వైద్యలోకం తొక్కిపెట్టిందన్నది ఒకటి. 1998లో బ్రిటిష్ వైద్యుడు వేక్‌ఫీల్డ్ ఆటిజాన్ని పేగు జబ్బుతో ముడిపెడుతూ లాన్సెట్‌లో అచ్చువేయించిన, 2010లో ఆ పత్రికే రద్దు చేసిన వ్యాసం పుట్టించిన భ్రమ అన్నది రెండోది. రెండూ నిలవవు. ఈ ఆలోచన వేక్‌ఫీల్డ్ కంటే పాతది; పుట్టినప్పుడు మరీ కొట్టిపారేయదగ్గదీ కాదు.

1943లో మనోవైద్యుడు లియో కానర్ వర్ణించిన 11 మంది ఆటిజం పిల్లల్లో చాలామందికి తిండి పేచీలున్నాయి. అక్కణ్నుంచి నేరుగా 1979కి రావచ్చు. నల్లమందు జాతి మందులిచ్చిన జంతువులు తోటివాటి తోడు కోరకపోవడం, నొప్పి పట్టించుకోకపోవడం చూసి, ఆటిజంలోనూ ఇలాంటిదేదో జరుగుతోందా అని నాడీశాస్త్రవేత్త పాంక్సెప్ అడిగాడు. పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ అరిగేటప్పుడు అదే గుణమున్న పెప్టైడ్లు (చిన్న ప్రొటీన్ ముక్కలు) వస్తాయనీ దాదాపు అప్పుడే తేలింది. నార్వేలో పరిశోధకుడు రైఖెల్ట్ ఈ రెంటినీ ముడివేసి, అవి పేగు దాటి మెదడుకు చేరతాయన్నాడు, పిల్లల మూత్రంలో ఆనవాళ్లు ఉన్నాయన్నాడు. అప్పటికి ఒక్కో మెట్టూ నమ్మదగ్గదే. మెట్లన్నీ కలిసి ఇంటిదాకా చేరుస్తాయా అన్నదే తేలలేదు. 2008లో లండన్ పరిశోధకులు వెతికితే మూత్రంలో ఆ పెప్టైడ్లు దొరకలేదు. ఈ పథ్యానికి అండగా చూపే 2002 నార్వే ప్రయోగంలో ఉన్నది 20 మంది పిల్లలే. పైగా ఎవరి బిడ్డ పథ్యంలో ఉందో తల్లిదండ్రులకు తెలుసు. 2006లో ఫ్లోరిడాలో 15 మందిపై, ఇంటివాళ్లకు కూడా తెలియనివ్వకుండా 12 వారాలు పరీక్షిస్తే తేడా కనబడలేదు. అయినా కొందరు తల్లిదండ్రులు బిడ్డ మెరుగైందనే చెప్పారు, పథ్యం కొనసాగిస్తామన్నారు. ఆ సిద్ధాంతం ఇంతకాలం ఎలా బతికిందో ఇక్కడే తెలుస్తుంది. వాళ్లు అబద్ధమాడలేదు, పిల్లలు ఎదుగుతూనే ఉంటారు, ఆశతో చూసే కళ్లకు ఆ ఎదుగుదల పథ్యం ఖాతాలో పడుతుంది.

పాలు మానితే నిజంగానే కుదుటపడ్డ పిల్లలు లేరా అంటే, ఉంటారు. పాల ప్రొటీన్ అలర్జీ నిజమైన జబ్బే. కడుపునొప్పి తగ్గితే ఏ బిడ్డైనా బాగా నిద్రపోతుంది, మారాం తగ్గిస్తుంది. అక్కడ నయమైంది కడుపు, ఆటిజం కాదు. పాలలోని చక్కెర అరగకపోవడం మరో సంగతి. అలాంటివాళ్లలో చాలామందికి పెరుగు పడుతుంది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఈ సలహా మరీ వింతగా ఉంటుంది. ఇక్కడి అన్నం, జొన్నరొట్టె, గట్కలో గోధుమ ప్రొటీన్ అయిన గ్లూటెన్ ఎలాగూ లేదు. నార్వే పథ్యంలో సగం ఇక్కడ రోజువారీ తిండే. మరి ఇక్కడా ఆటిజం ఎందుకుంది? ఇది రుజువు కాదు గాని, ఆ సిద్ధాంతాన్ని నమ్మేవాళ్లు జవాబు చెప్పాల్సిన ప్రశ్న. మిగిలిన సగం మాత్రం ఖరీదైనది. అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పుతోపాటు పాలపొడి ఉంటుంది. పథ్యం పేరుతో ముందు ఆగిపోయేది ఆ ప్యాకెటే. నాలుగైదు రకాలే ముట్టే బిడ్డకు పెరుగన్నం కూడా తీసేస్తే మిగిలేదేమిటి? పాలు మానిన ఆటిజం మగపిల్లల చేతి ఎముకలు మరింత పలచగా ఉన్నాయని 2008లో ఒక అమెరికన్ అధ్యయనం చూపింది. 2013 నాటి బ్రిటన్ మార్గదర్శకాలు ఆటిజం మూల లక్షణాలకు ఈ పథ్యం వాడొద్దనే చెప్పాయి. అయినా సలహా ఆగడం లేదు. స్పీచ్ థెరపీకి నెలల తరబడి బస్సెక్కి తిరగాలి, పాలు మాన్పించడానికి ఒక్క మాట చాలు. అలర్జీ అనుమానముంటే డాక్టరు చేత పరీక్ష చేయించి, గడువు పెట్టి, గుడ్డు, రాగి, నువ్వులతో లోటు పూడుస్తూ మాన్పించడం వేరు. గడువు చెప్పకుండా మాన్పించే వాళ్లను, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలని తల్లిదండ్రులు నిలదీయాలి.